ఆఫీసులో చెప్పిన మాట చేరాల్సిన వాళ్లకు చేరాలంటే ఏం చేయాలి?

"మెయిల్ పెట్టాను కదా!" "నాకెవరూ చెప్పలేదే!" ఒకే పని గురించి ఈ రెండు మాటలూ వినిపిస్తున్నాయంటే, మీ ఆఫీసులో సమాచారం పంపుతున్నారే గానీ అందిందో లేదో ఎవరూ చూడట్లేదన్నమాట. కొత్త యాప్ కొనేముందు ఈ పనులు చేసి చూడండి.

1. ఈమధ్య చెడిన పని ఒకటి తీసుకోండి

సర్వేలు తర్వాత. మాట అందక పాడైన పని ఒకటి ఎంచుకుని, ఆ మాట ఎవరి దగ్గర మొదలైంది, ఎవరెవరి చేతులు మారింది, ఎక్కడ ఆగింది అన్నది కాగితం మీద గీయండి. తప్పెవరిదని మాత్రం అడగొద్దు, అడిగితే ఎవరూ నోరు విప్పరు. ఎక్కువగా దొరికే చోట్లు ఇవే: ఎవరో సెలవులో ఉండటం, షిఫ్టు మారే సమయం, రెండు టీముల మధ్య "వాళ్లు చెప్పే ఉంటార్లే" అనుకోవడం.

2. ఏ మాటకు ఏ దారో తేల్చండి

ఐదుగురున్న టీములో ఇద్దరిద్దరి చొప్పున లెక్కేస్తే 10 జతలు. పదిమందైతే 45. అందుకే మనుషులు పెరిగాక నోటి మాట మీద బండి నడవదు. అర్జెంటైతే ఫోన్, ఆ రోజు పనికి చాట్, రికార్డు ఉండాల్సినదానికి మెయిల్, రూల్స్‌కు అందరూ చూడగలిగే ఒకే ఫైలు. ఇది అరపేజీలో రాసి అందరికీ ఇవ్వండి. (దీన్ని ముందుగా తప్పేది మేనేజర్లే. రాత్రి పది గంటలకు చాట్‌లో పని చెప్పేస్తారు.)

3. మెసేజ్ రాసే తీరు మార్చండి

అసలు తంటా ఇక్కడే. "ఆ రిపోర్టు సంగతి కాస్త చూడండి, అర్జెంట్" అని గ్రూపులో పెడితే ఆరుగురు చూస్తారు, ఆరుగురూ ఇంకెవరో చేస్తారనుకుంటారు. ఏ రిపోర్టు? చూడటమంటే చదవడమా, సరిచేయడమా? అర్జెంటంటే గంటలోనా, సాయంత్రానికా?

అదే మాట ఒక మనిషి పేరుతో మొదలుపెట్టి ఇలా రాయండి: "మార్చి అమ్మకాల రిపోర్టులో మూడో పట్టిక టోటల్ తప్పు పడింది. సరిచేసి గురువారం మధ్యాహ్నం 3 లోపు పంపగలరా? 4 గంటలకు క్లయింటుకు వెళ్లాలి." రెండు లైన్లు పెరిగాయి, నాలుగు ఫోన్లు తగ్గాయి.

అంకెలుంటే కొలత కూడా రాయాల్సిందే. 1999లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దాకా వెళ్లి చేజారిపోయింది. ఒక టీము సాఫ్ట్‌వేర్ పౌండ్ల కొలతలో ఇచ్చిన లెక్కను ఇంకో టీము న్యూటన్ల కొలతగా వాడుకుంది.

4. విన్నది తిరిగి చెప్పమనండి

కంట్రోల్ టవర్ ఇచ్చిన అనుమతిని పైలట్ తిరిగి చదివి వినిపిస్తాడు. తేడా ఉంటే అక్కడే దొరుకుతుంది. మనం మాత్రం "అర్థమైందా?" అంటాం, అందరూ తలూపుతారు. దానికి బదులు "నేనేమైనా మర్చిపోయానేమో, మొదట ఏం చేస్తారో ఓసారి చెప్పండి" అనండి. పాఠం అప్పజెప్పించుకున్నట్టు ఉండదు, మీ మతిమరుపూ బయటపడుతుంది.

5. మీటింగ్ అయ్యాక మూడు లైన్లు

ఏం తేలింది, ఎవరు చేయాలి, ఎప్పటికల్లా. అదే రోజు పంపేయండి. చర్చంతా రాయక్కర్లేదు, ఎవరూ చదవరు.

6. చెడ్డ కబురు పైకి రానివ్వండి

ఇది పై అన్నిటికన్నా కష్టం. పని ఆలస్యమవుతుందని ఒకరు వచ్చి చెప్పగానే "ఇప్పుడా చెప్పేది!" అని కసురుకుంటే, ఈసారి గడువు రోజు సాయంత్రం దాకా చెప్పరు. పక్క సీట్లో విన్నవాళ్లూ అంతే. కోపం వచ్చినా కాసేపు ఆపుకుని, ఇంకా ఎన్ని రోజులు కావాలో, ఎక్కడ ఆగిందో అడగండి.