హార్బర్ సీల్‌కు (చేపలు తినే సముద్రపు క్షీరదం) మేత వేసే ముందు జాగ్రత్తలు

చేపను ముందురోజే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో కరగనివ్వండి. నీళ్లలో నానబెడితే తొందరగా కరుగుతుంది, కానీ విటమిన్లు ఆ నీళ్లలోనే పోతాయి. కరిగాక 24 గంటలు దాటితే పారేయండి, మళ్లీ గడ్డకట్టించొద్దు.

ఒక్కో చేపనూ చేత్తో తిప్పి చూడండి. కన్ను గుంటపడినా, మొప్పలు గోధుమరంగుకు తిరిగినా, పొట్ట పగిలినా పక్కన పడేయండి. మాకెరెల్ అయితే చూపునూ నమ్మొద్దు. చల్లదనం తప్పితే పుట్టే హిస్టమిన్ అనే విషపదార్థం కంటికి కనబడదు.

అసలు చిక్కు హెర్రింగ్ చేపతో. అందులోని థయామినేజ్ ఎంజైమ్ బి1 విటమిన్‌ను విరగ్గొడుతుంది, ఫ్రీజర్‌లో కూడా ఆ పని ఆగదు. లోటు ముదిరితే సీల్ తిండి మానేస్తుంది, వణుకుతుంది. అందుకే కిలో చేపకు 25–30 మిల్లీగ్రాముల బి1, 100 ఐయూ (విటమిన్ల కొలమానం) విటమిన్ ఇ ఇవ్వాలి. ఈ విటమిన్ల మాత్రను మొప్పలో దూర్చి ఆ చేపనే మొదట వేయండి. బకెట్ అడుగున పెడితే కడుపు నిండిన సీల్ దాన్ని వదిలేస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు.

కొలను మంచినీటిదైతే సీల్‌కు విడిగా ఉప్పు ఇవ్వాలా అని పశువైద్యుణ్ణి అడగండి.

రోజు మేత లెక్క కిలోల్లో కాదు, కేలరీల్లో: కేప్లిన్ చేపలో కొవ్వు తక్కువ, కాబట్టి కిలోకు కేలరీలూ తక్కువే. బొచ్చు రాల్చే రోజుల్లో ఆకలి తగ్గడం మామూలే.

గ్లవ్స్ తప్పనిసరి. కరిస్తే వచ్చే 'సీల్ ఫింగర్' అనే వేలి ఇన్ఫెక్షన్‌కు పెనిసిలిన్ పనిచేయదు. సీల్ కరిచిందని డాక్టరుకు ముందే చెప్పండి.