కళ్ళు లాగని తెరను ఎంచుకోవడం ఎలా?

రోజంతా తెలుగు పుస్తకాల ప్రూఫులు తెరమీదే దిద్దే పని నాది. పాత ల్యాప్‌టాప్ పాడైనప్పుడు దుకాణంలో మిలమిల మెరుస్తున్న ఓఎల్‌ఈడీ తెరను చూసి ముచ్చటపడి కొత్తది కొన్నాను. పగలు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. రాత్రి అందరూ పడుకున్నాక, గదిలో చిన్న దీపం ఒక్కటే ఉంచి, తెర వెలుగును పావు వంతుకు దించి కూర్చుంటే మాత్రం అరగంటకే కణతలు పట్టేసేవి, కనుగుడ్లు లోపలికి లాగుతున్నట్టుండేది. లోపం తెర వెలిగే పద్ధతిలో ఉందనీ, అది వెలుగు తగ్గించినప్పుడే బయటపడుతుందనీ తెలుసుకోవడానికి మూడు నెలలు పట్టింది. దుకాణాల్లో తెరలన్నీ నిండు వెలుగుతో ఉంటాయి. మనం ఇంట్లో వాడేది ఆ వెలుగులో కాదు. కొనే తెరను మనం వాడే వెలుగులోనే పరీక్షించాలన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట.

అయితే తెరను అనుమానించే ముందు కళ్ళను చూపించుకోవడం మేలు. నలభై దాటాక వచ్చే చత్వారం, అద్దాల పవరులో చిన్న తేడా, కళ్ళు పొడిబారడం కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయి. మామూలుగా నిమిషానికి 15 సార్లు రెప్ప వేసేవాళ్ళం తెర ముందు కూర్చుంటే 5 నుంచి 7 సార్లే వేస్తామని అమెరికా నేత్ర వైద్యుల అకాడమీ చెబుతోంది. దానికి తోడు ఏసీ గాలి నేరుగా ముఖానికి తగులుతుంటే ఎంత మంచి తెరైనా కళ్ళు మండక మానవు. ఇవన్నీ సరిచూసుకున్నాక, ఒక తెర ముందు నొప్పి వచ్చి మరో తెర ముందు రాకపోతే, అప్పుడు తెరను పట్టించుకోవాలి.

తెర వెలుగును తగ్గించడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది తెరలోని దీపానికి అందే విద్యుత్తునే తగ్గించడం. దీన్ని డీసీ డిమ్మింగ్ అంటారు. రెండోది దీపాన్ని నిండుగానే వెలిగిస్తూ సెకనుకు వందల, వేల సార్లు ఆర్పి వెలిగించడం. ఆరి ఉండే సమయం ఎంత ఎక్కువైతే తెర మనకు అంత మసకగా కనిపిస్తుంది. దీని పేరు పల్స్ విడ్త్ మాడ్యులేషన్, వాడుకలో పీడబ్ల్యూఎం. పాతకాలపు ట్యూబ్‌లైటు కింద తిరిగే ఫ్యాను ఒక్కోసారి వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం అందరూ చూసే ఉంటారు. మన ఇళ్ళకొచ్చే కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తాలు; ఒక్కో ఆవృత్తంలో రెండుసార్లు చొప్పున ఆ దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఆ మినుకు కంటికి తెలియకపోయినా ఫ్యాను రెక్కలు దాన్ని పట్టిస్తాయి. తెరలోనూ జరిగేది అదే.

ఎల్‌సీడీ తెరల్లో వెనక ఉండే దీపాన్ని రెండు పద్ధతుల్లో ఏదో ఒకదానితో తగ్గిస్తారు. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా (పిక్సెల్) తనంతట తాను వెలుగుతుంది. విద్యుత్తు బాగా తగ్గిస్తే చుక్కకూ చుక్కకూ మధ్య రంగు తేడా వస్తుంది కనుక తయారీదారులు ఎక్కువగా మినుకు పద్ధతినే ఎంచుకుంటారు. 240 హెర్ట్జ్ దగ్గర మినికే ఓఎల్‌ఈడీ తెరలు మార్కెట్‌లో చాలానే వచ్చాయి. ఎల్‌ఈడీ దీపాల కోసం 2015లో వెలువడిన ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ 1789 సంఖ్య సిఫారసుల ప్రకారం, పూర్తిగా ఆరి వెలిగే దీపం 1250 హెర్ట్జ్ దాటితే ముప్పు తక్కువ, 3000 దాటితే ప్రభావం కనిపించని స్థాయి. ఆ లెక్క దీపాలకు వేసినదే అయినా, తెరలను పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు దొరకలేదు. ఈ మినుకు అందరినీ బాధపెట్టదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మా ఇంట్లో అదే ల్యాప్‌టాప్ మీద మా అబ్బాయి గంటల తరబడి పని చేసుకుంటాడు, వాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

పరీక్షకు పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. తెరమీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, వెలుగును నాలుగో వంతుకు దించి, ఒక పెన్సిలును తెరకు జానెడు దూరంలో పట్టుకుని విసనకర్ర విసిరినట్టు వేగంగా అటూ ఇటూ ఊపాలి. పెన్సిలు ఒకే మసక పొరలా కనిపిస్తే మినుకు లేదనుకోవచ్చు, లేదా అది చాలా వేగంగా ఉంది. దువ్వెన పళ్ళలా విడివిడిగా పెన్సిళ్ళ వరుస కనిపిస్తే తెర ఆరి వెలుగుతోందన్నమాట; పళ్ళ మధ్య సందు ఎంత ఎక్కువైతే మినుకు వేగం అంత తక్కువ. నా ఓఎల్‌ఈడీ ల్యాప్‌టాప్ ముందు లెక్కపెట్టగలిగినన్ని పెన్సిళ్ళు కనిపించాయి. దుకాణంలోని చవక ఎల్‌ఈడీ దీపాలు కూడా మినుకుతాయి కాబట్టి నీడగా ఉన్న మూలకు తెచ్చి చూడకపోతే తెర తప్పు కానిదాన్ని తెరకు అంటగడతాం.

రెండో పరీక్ష ఫోను కెమెరాతో చేయాలి. ప్రో మోడ్‌లో షట్టర్ వేగాన్ని సెకనులో 2000వ వంతుకో 4000వ వంతుకో పెట్టి, అదే తెల్ల పేజీని కెమెరాలో చూడాలి. నల్లని అడ్డచారలు పాకుతూ కనిపిస్తే మినుకు ఉంది. చారలు వెడల్పుగా, కొద్దిగా ఉంటే వేగం తక్కువ. సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటే వేగం ఎక్కువ. లేత బూడిద రంగులో ఉంటే దీపం పూర్తిగా ఆరడం లేదు. వెలుగును నూరు శాతం నుంచి పది శాతానికి మెల్లగా దించుతూ చారలు ఎక్కడ మొదలవుతున్నాయో చూడడం అసలు కిటుకు. కొన్ని తెరలు సగం వరకు దించినా నిలకడగా వెలిగి, అంతకంటే దించితే మినుకు మొదలుపెడతాయి. మీ గదికి సగం వెలుగు చాలితే అలాంటి తెరతో మీకు పేచీ లేదు.

దుకాణానికి వెళ్ళే ముందే మోడలు పేరుతో నోట్‌బుక్‌చెక్, ఆర్టింగ్స్ వంటి సైట్లలో వెతికితే ఈ కొలతలు చాలావాటికి దొరుకుతాయి. అయితే ఒకే మోడలులో వేర్వేరు కంపెనీల తెరలు బిగించి అమ్మడం మామూలే కనుక, సమీక్షలో ఉన్న తెరే మీ చేతికొస్తుందని భరోసా లేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము లోపల బిగించిన తెర మోడలు సంఖ్యను చూపిస్తుంది. సమీక్షలో ఇచ్చిన సంఖ్యతో దాన్ని పోల్చుకోవాలి.

మినుకు తరువాత చూడవలసినది రంగుల తంటా. చవక ల్యాప్‌టాప్‌లలో ఒక్కో రంగుకు 256 మెట్లకు బదులు 64 మెట్లే చూపగల తెరలుంటాయి. మధ్యలోని ఛాయలను చూపించడానికి పక్కపక్క మెట్లను వేగంగా మార్చి మార్చి చూపిస్తూ కంటిని మభ్యపెడతారు. మినుకు లేకపోయినా ఈ తెరలు పడనివాళ్ళు ఉన్నారు. వివరాల పట్టికలో 2,62,144 రంగులని గానీ, 6 బిట్ అని గానీ ఉంటే ఆలోచించవలసిందే.

తెలుగు చదివేవాళ్ళు అక్షరాల స్పష్టతను మరింత జాగ్రత్తగా చూడాలి. ద, ధ, థ అక్షరాలను వేరుచేసేది ఒక చిన్న గీతా, ఒక చుక్కా. పైన గుడిదీర్ఘం, కింద వత్తులు ఉన్న ‘స్త్రీ’ వంటి అక్షరం అదే ఎత్తులో ఇంగ్లీషు అక్షరం కంటే ఎక్కువ చుక్కలు కోరుతుంది. 15.6 అంగుళాల తెరలో 1366×768 చుక్కలుంటే అంగుళానికి 100 మాత్రమే పడతాయి, దానిమీద వత్తులు అలుక్కుపోతాయి. 14 అంగుళాల 1920×1200 తెరలో దాదాపు 160 వస్తాయి. 11 అంగుళాల ఐప్యాడ్ ఎయిర్‌లో 264. దుకాణంలో ఆటల వీడియో చూపిస్తారు, దాన్ని ఆపించి మీరు రోజూ చదివే తెలుగు వార్తల పేజీ తెరిపించండి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో ఒక కుర్రాడు నన్ను వింతగా చూశాడు గానీ, పక్కపక్కన పెట్టిన రెండు తెరలలో ఏది కావాలో ఆ పేజీయే తేల్చేసింది.

మెరిసే గాజు తెరలో వెనక కిటికీ, దీపం, మన ముఖం అన్నీ కనిపిస్తాయి. కన్ను వాటికీ అక్షరాలకూ మధ్య ఊగిసలాడుతుంది. మెరుపు లేని మ్యాట్ తెర మేలు, అయితే మరీ గరుకైతే తెల్ల పేజీ మీద ఇసుక చల్లినట్టుంటుంది.

ఇక దేన్ని కొనాలంటే, మినుకు పడనివాళ్ళు ల్యాప్‌టాప్‌లలో మ్యాట్ పూత ఉన్న, కనీసం 300 నిట్స్ (తెర వెలుగుకు కొలమానం) వెలుగిచ్చే ఐపీఎస్ రకం ఎల్‌సీడీతో మొదలుపెట్టాలి. ట్యాబ్లెట్లలో ఐప్యాడ్ ఎయిర్, ఐప్యాడ్ మినీ, శామ్‌సంగ్ ట్యాబ్ ఎస్9 ఎఫ్‌ఈ వంటివి ఎల్‌సీడీలు. ట్యాబ్ ఎస్9, 2024 నుంచి వచ్చిన ఐప్యాడ్ ప్రో ఓఎల్‌ఈడీలు. టీసీఎల్ నెక్స్ట్‌పేపర్ ట్యాబ్లెట్లలో ఎల్‌సీడీ మీదే మ్యాట్ పొర ఉంటుంది. ఎల్‌సీడీ అయినంత మాత్రాన మినుకు ఉండదని కాదు, పెన్సిలు పరీక్ష వీటికీ తప్పదు. చదవడమే ప్రధానమైతే కిండిల్, బూక్స్ వంటి ఈ-ఇంక్ పరికరాలను మించినవి లేవు. అవి కాగితంలా బయటి వెలుతురుతోనే కనిపిస్తాయి. కాకపోతే పేజీ మారడం నెమ్మది, టైపు చేసే పనికీ వీడియోలకూ అంతగా పనికిరావు.

నీలి కాంతి వడపోతలకూ, నీలి కాంతిని ఆపే కళ్ళద్దాలకూ డబ్బు పెట్టమని నేను చెప్పను. 17 ప్రయోగాలను పరిశీలించి 2023లో వెలువడిన కాక్రేన్ (వైద్య ప్రయోగాలను బేరీజు వేసే సంస్థ) సమీక్ష, మామూలు అద్దాలతో పోలిస్తే ఈ కళ్ళద్దాలవల్ల తక్కువ కాలంలో కంటి శ్రమ తగ్గకపోవచ్చని తేల్చింది. డబ్బాల మీది ముద్రల్లోనూ ‘లో బ్లూ లైట్’ వేరు, ‘ఫ్లికర్ ఫ్రీ’ వేరు. మొదటిది చూసి రెండోది కూడా ఉందనుకోవడం నేను చేసిన పొరపాటే.

ఇప్పటికే మినికే తెర కొన్నవాళ్ళకూ దారి ఉంది. తెర వెలుగును మినుకు తక్కువగా ఉండే ఎత్తులోనే ఉంచి, తెరమీద నల్లని పొర పరిచే ప్రోగ్రాముతో మసక చేసుకోవాలి. ఆసూస్ ఓఎల్‌ఈడీ ల్యాప్‌టాప్‌లకైతే మైఆసూస్ యాప్‌లోనే ఇందుకు ఫ్లికర్ ఫ్రీ డిమ్మింగ్ అనే మీట ఉంది. విండోస్‌లో పేజీలోని బొమ్మలను బట్టి వెలుగును తనంతట తానే మార్చే అమరికను ఆపేయాలి. అన్నిటికంటే తేలిక, గదిలో దీపం పెంచడం. గది వెలుతురుగా ఉంటే తెరను దించే అవసరమే తగ్గుతుంది. నేను బల్ల వెనక గోడకు కాంతి పడేలా ఒక దీపం పెట్టుకున్నాక ఆ ఓఎల్‌ఈడీ ల్యాప్‌టాప్‌తోనే గంటన్నర పని చేయగలిగాను.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వెనక్కి తీసుకుంటారా, మార్చి మాత్రమే ఇస్తారా అన్నది ముందే చదువుకోవాలి; అదే మోడలు మళ్ళీ వస్తే అదే నొప్పి వస్తుంది. డబ్బా, అట్టలు చింపకుండా దాచి, గడువు ముగిసేలోగా కనీసం మూడు రాత్రులు, మీరు రోజూ కూర్చునే చోట, రోజూ పెట్టుకునే వెలుగులో, రోజూ చేసే పనే చేసి చూడండి. మొదటి రాత్రి కొత్త వస్తువు సంబరంలో కళ్ళ సంగతి తెలియదు.