మైన్‌క్రాఫ్ట్‌లో కంప్యూటర్ కడదాం, 4వ భాగం: గుర్తుపెట్టుకునే రిపీటర్

మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో కరెంటులా సిగ్నల్ మోసే రెడ్‌స్టోన్‌తో పోయినసారి 8 బిట్ల యాడర్ (సంఖ్యల్ని కూడే సర్క్యూట్, బిట్ అంటే 0 లేదా 1) కట్టేశాం కదా, లీవర్లు వేస్తే కూడిక వస్తోంది, తీసేస్తే జవాబు కూడా పోతోంది. ఆ జవాబుని పట్టి ఉంచే చోటు కావాలి, దాన్నే రిజిస్టర్ అంటాం. నన్నడిగితే మొత్తం కంప్యూటర్‌లో అందమైన భాగం ఇదే.

రెండు రెడ్‌స్టోన్ టార్చ్‌లతో (సిగ్నల్ వస్తే ఆరిపోయి, పోతే వెలిగేవి) లాచ్, అంటే ఒక బిట్‌ని పట్టి ఉంచే సర్క్యూట్, కట్టొచ్చు గానీ చోటు బోలెడు తినేస్తుంది. రిపీటర్‌తో (సిగ్నల్‌ని మళ్ళీ పూర్తి బలంతో ముందుకి పంపే బ్లాక్) తేలిక. ఒక రిపీటర్ పెట్టి, దాని పక్కన ఇంకో రిపీటర్‌ని దానివైపు తిప్పి పెట్టండి, పక్కదాంట్లోకి సిగ్నల్ వచ్చిందంటే మొదటిది లాక్ అయిపోతుంది, వెలుగుతుంటే వెలుగుతూనే ఆరి ఉంటే ఆరే ఉంటుంది, వెనక లీవర్ ఎంత తిప్పినా కదలదు. అదే 1 బిట్ మెమరీ! ఇలాంటివి 8 వరసగా పెట్టండి, అన్నిటికీ లాక్ లైన్ ఒకటే. తీగలా పరిచే రెడ్‌స్టోన్ డస్ట్‌లో సిగ్నల్ 15 బ్లాకులే వెళ్తుంది కాబట్టి లైన్ మధ్యలో రిపీటర్ మర్చిపోవద్దు.

ఇప్పుడు రిజిస్టర్‌లో ఉన్నదాన్ని మళ్ళీ యాడర్‌లోకి పంపాలి, అప్పుడే లెక్క ముందుకి సాగుతుంది. ఇక్కడే నేను రెండు రోజులు ఇరుక్కుపోయా. లాక్ తీయగానే కొత్త జవాబు రిజిస్టర్‌లోకొచ్చి, అక్కణ్ణుంచి యాడర్‌లోకెళ్ళి, లాక్ పడేలోపే ఇంకో జవాబై తిరిగొచ్చేస్తోంది, లాక్ తీసే బటన్ ఒక్కసారి నొక్కితే అంకె ఎక్కడికో పోతోంది. యాడర్ తప్పనుకుని మొత్తం పీకి మళ్ళీ కట్టా, తప్పు అక్కడ లేదు.

మందు ఏంటంటే రెండు వరసలు. యాడర్ జవాబు ముందు మొదటి వరసలోకి, దాన్నుంచి రెండో వరసలోకి, రెండో వరస నుంచే యాడర్‌కి వెనక్కి. బటన్ లైన్‌ని రెండో వరస లాక్‌కి నేరుగా ఇవ్వండి, మొదటి వరస లాక్‌కి మాత్రం టార్చ్‌తో తిరగేసి ఇవ్వండి. నొక్కితే మొదటిది తెరుచుకుంటుంది రెండోది మూసుకుంటుంది, వదిలితే దానికి రివర్స్. రెండు తలుపులూ ఒకేసారి బార్లా తెరిచి ఉండవు కాబట్టి నొక్కిన ప్రతిసారీ జవాబు ఒక్క అడుగే వేస్తుంది.

ఒక టార్చ్ మారడానికి 0.1 సెకను. మన యాడర్‌లో క్యారీ (కూడికలో పక్క బిట్‌కి వెళ్ళే అంకె) ఒక్కో బిట్ దగ్గర 2 టార్చ్‌లు దాటుతోంది, 8 బిట్లకి 1.6 సెకన్లు, అందుకే బటన్ వదిలాక 2 సెకన్లు ఆగి మళ్ళీ నొక్కండి.

టెస్ట్: ఇన్‌పుట్ 1 పెట్టి నొక్కుతూ పోండి, 1, 2, 3 అలా రావాలి. 255 (8 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య) తర్వాత 0 వచ్చిందంటే క్యారీ చివరిదాకా సరిగ్గా నడుస్తున్నట్టే. వచ్చే భాగంలో బటన్ తీసేసి క్లాక్ (దానంతటదే ఆగి ఆగి సిగ్నల్ ఇచ్చే సర్క్యూట్) పెడదాం.