వానలు పడేలోపు ఫిక్సీకి ముందు బ్రేకు వేయించండి

జూన్ రెండో వారం వచ్చేసరికి హైదరాబాద్‌లో వానల వాసన మొదలవుతుంది. ఎండాకాలమంతా ఫిక్సీ మీద ఆఫీసుకి తిరిగినవాళ్లు ఈలోపే ఒక ఆదివారం బండి ముందు కూర్చోవాలి. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: ఫిక్సీ అంటే ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం) లేని సైకిల్. చక్రం తిరిగినంతసేపూ పెడల్స్ తిరుగుతూనే ఉంటాయి. కాళ్లు ఆపేసి దిగువకి జారిపోవడం ఇందులో కుదరదు.

అన్నిటికంటే ముందు, ముందు బ్రేకు. "కాళ్లే బ్రేకు" అనే కుర్రాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు. రెండేళ్లు నేనూ అదే మాట చెప్పుకు తిరిగాను. ఒక జూలై సాయంత్రం పంజాగుట్టలో ముందు వెళ్తున్న ఆటో ప్యాసింజర్ కోసం టక్కున ఆగింది. కాళ్లు బిగబట్టి స్కిడ్ చేశాను, అంటే పెడల్స్ ఆపి వెనక చక్రాన్ని జారించాను. చక్రం ఆగింది, సైకిల్ ఆగలేదు. మోచెయ్యి చర్మం పోవడంతో సరిపోయింది.

అలా ఎందుకైందంటే, కాళ్లతో ఆపేది వెనక చక్రం ఒక్కదాన్నే. వేగం తగ్గుతుంటే మన బరువు ముందుకి తోసుకొస్తుంది, వెనక టైరు మీద భారం తగ్గి పట్టు సడలుతుంది. తడి రోడ్డు మీద స్కిడ్ చాలా తేలిగ్గా వస్తుంది. చెయ్యి తిరిగిందని సంబరపడతాం, అసలు పోయింది టైరు పట్టు. బ్రేకుల్లేని ఈ సైకిళ్లు వెలోడ్రోమ్ (సైకిల్ పందేల ట్రాక్) కోసం తయారైనవి. ఉస్మానియా క్యాంపస్‌లోని ట్రాక్ మీద అందరూ ఒకే వైపు వెళ్తారు, ఎదురుగా రాంగ్ రూట్‌లో స్కూటర్ రాదు. బ్రిటన్‌లో 1983 నిబంధనల ప్రకారం రోడ్డెక్కే ఫిక్సీకి కూడా ముందు బ్రేకు ఉండాల్సిందే. రిమ్ తడిస్తే బ్రేకు వెంటనే పట్టదు, మొదటి ఒకటి రెండు చుట్లు నీళ్లు తుడవడానికే పోతాయి. సిగ్నల్‌కి చాలా ముందు నుంచే మెల్లగా తాకిస్తూ రండి.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ దిగుడు రోడ్లు ఇంకో సంగతి. 46 పళ్ల చెయిన్‌రింగ్ (పెడల్స్ దగ్గరి పళ్లచక్రం), 16 పళ్ల కాగ్ (వెనక చక్రం దగ్గరిది) ఉంటే పెడల్ ఒక చుట్టుకి సైకిల్ దాదాపు 6 మీటర్లు వెళ్తుంది. గంటకు 45 కిలోమీటర్ల వేగం అందుకుంటే కాళ్లు నిమిషానికి 125 చుట్లు తిరగాలి. అలవాటు లేనివాడు అక్కడ సీటు మీద ఎగిరెగిరి పడతాడు, పాదం జారిందంటే పెడల్ వచ్చి పిక్క మీద కొడుతుంది. వేగం పెరిగాక ఆపుదామనుకోవద్దు, దిగుడు మొదట్లోనే వేగాన్ని పట్టి ఉంచాలి. పాదానికి స్ట్రాప్ తప్పనిసరి. ఎంత టెన్షన్‌లో ఉన్నా ఒక్క గుంజుతో పాదం బయటికి వచ్చేలా ఇంటి దగ్గరే సాధన చేయండి.

స్కిడ్ అలవాటు ఉన్నవాళ్లు వెనక టైరు తిప్పి చూసుకోండి. ముందు 48 పళ్లు, వెనక 16 పళ్లు పెట్టుకుంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం సరిగ్గా మూడు చుట్లు తిరుగుతుంది, అంటే ఒకే కాలు ముందుంచి స్కిడ్ చేసేవాళ్లకి ప్రతిసారీ టైరులో అదే చోటు అరుగుతుంది. ముందు 47 పెడితే ఆ అరుగుదల 16 చోట్లకి పంచుకుంటుంది. ఒక పన్ను తేడాకి టైరు ఎన్ని నెలలు ఎక్కువ వస్తుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

మలుపులో పెడల్ కిందికి వచ్చినప్పుడు సైకిల్ బాగా వంగి ఉంటే అది నేలకు తగిలి మనల్ని లేపి పడేస్తుంది. మామూలు సైకిల్ మీద లోపలి పెడల్ పైకెత్తి పెట్టుకుంటాం, ఇక్కడ ఆ వీలు లేదు. మలుపుకి ముందే నెమ్మదించి, వంగకుండా తిరగాలి. డివైడర్ పక్కన ఇరుక్కుని దూరడం కూడా ఇందుకే వద్దంటాను. జీబ్రా గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ల ఇనప జాయింట్లు తడిస్తే సబ్బుముక్కలే. వాటి మీద స్కిడ్ వద్దు, వంపూ వద్దు. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నిలిచేలాంటి నీళ్లలోకైతే అసలు దిగొద్దు, అడుగున గుంత ఉందో మూత లేని మ్యాన్‌హోల్ ఉందో కనపడదు. దిగి నడిపించుకుపోండి.

రెయిన్‌కోటు ప్యాంటు అంచులు, షూ లేసులు కట్టేసుకోండి. గుడ్డ చెయిన్‌లో పడితే, మామూలు సైకిల్ అయితే తొక్కడం ఆపుతాం. ఫిక్సీ చక్రం ఆగేదాకా లోపలికి లాగుతూనే ఉంటుంది. చెయిన్ తుడిచేటప్పుడూ ఇదే భయం. చక్రం తిప్పుతూ గుడ్డతో పట్టుకున్నవాళ్ల వేళ్లు తెగిన సందర్భాలున్నాయి. చక్రం ఆపి, కొంచెం కొంచెం తుడవండి.

చివరగా బ్యాగులో ఒక 15 ఎంఎం స్పానర్. వెనక చక్రం సాధారణంగా నట్లతో బిగించి ఉంటుంది, వానలో పంక్చర్ అయితే ఆ స్పానర్ లేకుండా చక్రం ఊడదు. తిరిగి బిగించేటప్పుడు చెయిన్‌ని మధ్యలో వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దాకా ఊగాలి. అంతకంటే వదులైతే ఊడి, వెనక చక్రాన్ని రోడ్డు మధ్యలోనే పట్టేస్తుంది.