ఒకటో తరగతి అడ్మిషన్: కాగితాలు లేవని పిల్లల్ని ఇంటి దగ్గర ఆపకండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఊరి ప్రభుత్వ బడిలో బిడ్డను చేర్చాలంటే మీసేవ చుట్టూ తిరగాల్సిన పని లేదు. ఏ పోర్టల్‌లోనూ అప్లై చేయక్కర్లేదు. బిడ్డను వెంటబెట్టుకుని బడికి వెళ్లి హెడ్మాస్టర్‌ని కలిస్తే చాలు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అయినా, నెల్లూరు, ఒంగోలు లాంటి చోట్ల మున్సిపల్ స్కూల్ అయినా పద్ధతి ఒకటే. బడిలో ఇచ్చే అడ్మిషన్ ఫారం నింపాలి, లేదా తెల్లకాగితం మీద దరఖాస్తు రాసివ్వాలి. ఫీజు కట్టాల్సింది ఏమీ లేదు. పిల్లలకు పరీక్ష పెట్టడం, అమ్మానాన్నలను ఇంటర్వ్యూ చేయడం చట్టమే నిషేధించింది.

ఇంత సులువైన పని ప్రతి జూన్‌లోనూ ఎక్కడో ఒకచోట ఆగుతూనే ఉంటుంది. ఒకరికి ఆధార్ రాలేదు. ఇంకొకరి పుట్టిన సర్టిఫికెట్‌లో బిడ్డ పేరే లేదు. మరొకరికి పాత బడి నుంచి రికార్డ్ షీట్ (బడి మారేటప్పుడు ఇచ్చే పత్రం) అందలేదు. కాగితం వచ్చాక చేరుద్దాంలే అనుకునేలోపు దసరా సెలవులు వచ్చేస్తాయి. అప్పటికి క్లాసులో తోటి పిల్లలు గుణింతాల్లో ఉంటారు. ఈ మూడింటిలో ఏ ఒక్కదాని కోసమూ బిడ్డను బడి బయట ఉంచకూడదు. ముందు చేర్చండి, కాగితాలు తర్వాత సర్దుకోవచ్చు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం చెప్పేదీ అదే.

మన రాష్ట్రంలో బళ్లు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. ఐదేళ్లు నిండిన పిల్లల్ని ఒకటో తరగతిలో చేర్చుకోవడం ఇక్కడ చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఆరేళ్లు వచ్చాక అది చట్టం ఇచ్చిన హక్కు అవుతుంది. అంగన్‌వాడీకి వెళ్తున్న బిడ్డ అయితే టీచరమ్మను అడిగి అక్కడి రికార్డులో ఉన్న పుట్టిన తేదీ రాయించుకుని రండి. జూన్ దాటిపోయిందని వెనక్కి తగ్గకండి. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాల్సిందే.

దరఖాస్తు ఇలా రాయవచ్చు:

"మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, ......... గ్రామం, ప్రధానోపాధ్యాయులు గారికి,
అయ్యా / అమ్మా,
మా అబ్బాయి / అమ్మాయి ......... పుట్టిన తేదీ ......... . మేము ......... వీధిలో / కాలనీలో ఉంటున్నాము. బిడ్డను మీ బడిలో ......... తరగతిలో చేర్చుకోవాలని కోరుతున్నాము. ప్రస్తుతం మా దగ్గర ......... పత్రాలు ఉన్నాయి. ......... పత్రం ఇంకా రాలేదు, వచ్చిన వెంటనే అందజేస్తాము. పైన రాసిన పుట్టిన తేదీ నిజమని తెలియజేస్తున్నాము.
ఇట్లు,
తల్లి / తండ్రి / సంరక్షకులు ......... సంతకం లేదా వేలిముద్ర, ఫోన్ నంబర్, తేదీ."

రెండు కాపీలు రాసి, ఒకదాని మీద తేదీతో సంతకం చేయించుకోండి. తల్లి వచ్చినా సరే, తండ్రి వచ్చినా సరే. ఇద్దరూ పనికి బయటి ఊళ్లకు పోయి ఉంటే బిడ్డను సాకుతున్న అమ్మమ్మో నాయనమ్మో సంరక్షకురాలిగా సంతకం చేయవచ్చు. రాయడం రాకపోతే సచివాలయంలోని సంక్షేమ విద్యా సహాయకుణ్ణి అడగండి.

పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు, ఫొటోలు ఉంటే జిరాక్సులు తీసుకెళ్లండి. కులం సర్టిఫికెట్ అదే రోజు చేతిలో లేకపోయినా తర్వాత ఇవ్వవచ్చు.

ఇక్కడ కొంచెం నిదానించాలి. హెడ్మాస్టర్ అడ్మిషన్ రిజిస్టర్ తెరిచి పేరు రాసే ఆ పది నిమిషాలు మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యమైనవి. ఆ వరుసలో ఏం రాస్తారో అదే రికార్డ్ షీట్‌లోకి, హైస్కూల్లోకి, చివరికి పదో తరగతి మార్కుల మెమోలోకి వెళ్తుంది. ఇంటిపేరు పొడి అక్షరంగా పడిందా, పూర్తిగా పడిందా చూడండి. ఇంట్లో పిలిచే ముద్దుపేరు రాయించకండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఆధార్‌లో ఒకలా, రిజిస్టర్‌లో ఇంకోలా ఉంటే తర్వాత ప్రతి పథకానికీ టెన్షనే. బడిలో వేయడం కోసం వయసు ఎక్కువ చేసి చెప్పడం మన ఊళ్లలో పాత అలవాటు. దయచేసి అది మానండి. పదో తరగతి మెమో వచ్చాక పుట్టిన తేదీ మార్చుకోవడం చాలా కష్టం. పుట్టుమచ్చలు కూడా బిడ్డ ఒంటి మీద చూసే రాయించండి. రాసిన వరుసను చదివి వినిపించమని అడిగితే సార్లు, మేడమ్‌లు ఏమీ అనుకోరు. మంచి టీచర్లు అడక్కుండానే చదివి వినిపిస్తారు.

పుట్టిన సర్టిఫికెట్ లేకపోతే ఆసుపత్రి రికార్డు, ఏఎన్ఎం రిజిస్టర్, అంగన్‌వాడీ రికార్డు వయసుకు ఆధారంగా పనికొస్తాయి. అవీ లేకపోతే తల్లిదండ్రులు రాసిచ్చే వాంగ్మూలం చాలు. వయసు రుజువు లేదని ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించకూడదని చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది. నెల్లూరు వైపు ఇటుక బట్టీల దగ్గర, రొయ్యల గుంటల దగ్గర కాపురం ఉండే యానాది కుటుంబాల్లో చాలామంది పిల్లలకు ఏ కాగితమూ ఉండదు. ఆ సెక్షన్ ముందుగా అండగా నిలవాల్సింది అలాంటి పిల్లలకే.

అలాగని సర్టిఫికెట్ సంగతి వదిలేయవద్దు. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడాది దాటిపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి నమోదు కాలేదన్న పత్రం తీసుకుని ఆర్డీఓ ఉత్తర్వు కోసం అర్జీ పెట్టాలి. నమోదై ఉండి బిడ్డ పేరు మాత్రమే లేకపోతే పని తేలిక. ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత పదిహేనేళ్ల వరకు ఆలస్య రుసుంతో పేరు చేర్చవచ్చు. చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2023 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన జనన మరణాల నమోదు చట్టం సవరణ ప్రకారం ఆ రోజు నుంచి పుట్టిన వాళ్లకు పుట్టిన తేదీకి, చదువులో ప్రవేశానికి జనన ధ్రువపత్రమే ఆధారం. ఆ పిల్లలకు ఐదేళ్లు నిండడం 2028లో మొదలవుతుంది. ఇంకా టైం ఉంది కాబట్టి ఇప్పుడే తీసిపెట్టుకోండి.

బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26 నాటి తీర్పులో స్పష్టంగా చెప్పింది. అయినా తీయించడమే మేలు. ఎందుకంటే తల్లికి వందనం డబ్బు పడేది ఆధార్‌తో లింకైన తల్లి బ్యాంకు ఖాతాలోనే. ఈ పథకం కింద ఒక్కో బిడ్డకు 15,000 రూపాయల లెక్కన, అందులో 2,000 బడి నిర్వహణకు పోగా, 13,000 తల్లికి ఇస్తారు. 75 శాతం హాజరు ఉండాలి. అంటే పేరు రాయించి ఇంట్లో కూర్చోబెడితే కుదరదు. ఐదేళ్లలోపు ఆధార్ తీయించి ఉంటే ఐదు నిండాక వేలిముద్రలు, కనుపాపలు అప్‌డేట్ చేయించాలి. ఐదు నుంచి ఏడేళ్ల మధ్య అది ఉచితం.

బడి మారే పిల్లల సంగతి మన ప్రాంతంలో పెద్ద సమస్య. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు వానలు లేని ఏడాది గుంటూరు మిరపకోతలకు, హైదరాబాద్ బిల్డింగ్ పనులకు కుటుంబాలు కదులుతాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీలకేమో వేరే రాష్ట్రాల నుంచి మనుషులు వస్తారు. ఇలా కదిలేటప్పుడు పాత బడిలో రికార్డ్ షీట్ అడిగి తీసుకోండి. అడిగిన వెంటనే ఇవ్వాలి. వలస సంచిలో అది ఎక్కడో పోయినా, అసలు తీసుకోకుండా వచ్చేసినా కొత్త బడిలో చేర్చుకోవాలి. ఆ పత్రం ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం ఆపకూడదని విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్ అంటుంది. కావాలని ఆలస్యం చేసే హెడ్మాస్టర్ మీద చర్య కూడా తీసుకోవచ్చు. పాత బడి పేరు, మండలం చెప్పగలిగితే బిడ్డ వివరాలు ఆన్‌లైన్‌లో ఉంటాయి కాబట్టి టీచర్లే అక్కడితో మాట్లాడి తెప్పించుకోగలరు. ఆన్‌లైన్ రికార్డులో బిడ్డకు ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్యను (పెన్ నంబర్) ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే ఇంకా త్వరగా అవుతుంది.

రెండేళ్లు బడి మానేసిన ఎనిమిదేళ్ల బిడ్డను ఒకటో తరగతిలో ఐదేళ్ల పిల్లల పక్కన కూర్చోబెట్టరు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. దరఖాస్తులో ఆ మాట కూడా రాయండి. పెద్దవాళ్లు పనికి పోయినా బిడ్డ ఊళ్లోనే ఉండి చదువుకునేలా వలస ప్రాంతాల్లో సీజనల్ హాస్టళ్లు నడుపుతుంటారు. ప్రయాణం కట్టుకోకముందే హెడ్మాస్టర్‌ని అడిగి చూడండి. నా మటుకు, ఊరూరా తిప్పడం కంటే అదే మేలు. రోజూ చూసే టీచర్, తెలిసిన స్నేహితులు, మధ్యాహ్నం గుడ్డుతో భోజనం వడ్డించే ఆయమ్మ ఉన్న చోటే బిడ్డకు అక్షరం నిలుస్తుంది.

ఎవరైనా చేర్చుకోము అంటే గొడవ పడవద్దు. ఎందుకు కాదంటున్నారో రాసిమ్మనండి. చాలాసార్లు విషయం అక్కడే తేలిపోతుంది. తేలకపోతే మండల విద్యాశాఖాధికారికి, ఆపైన మీ జిల్లా విద్యాశాఖాధికారికి అర్జీ ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లోనూ ఇవ్వవచ్చు. సంతకం చేయించుకున్న దరఖాస్తు కాపీ ఇక్కడే పనికొస్తుంది. ఫిర్యాదును మూడు నెలల్లో పరిష్కరించాలని చట్టం గడువు పెట్టింది. బిడ్డను పనిలో పెట్టుకుని బడికి పంపని చోట్ల పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

చేరాక మొదటి నెలలో ఒకసారి బడికి వెళ్లి మూడు విషయాలు చూసుకోండి: హాజరు పట్టీలో పేరు ఎక్కిందా, ఆన్‌లైన్‌లో నమోదైందా, పుస్తకాలు, యూనిఫాం కిట్ లిస్టులో ఉందా. బడి కమిటీ ఎన్నిక పెట్టినప్పుడు తప్పక వెళ్లండి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కాలనీలో ఇంకా ఎవరి బిడ్డ అయినా ఇంటి దగ్గరే ఉంటే ఆ సమావేశంలోనే పేరు చెప్పండి. మరుసటి రోజు టీచర్లు ఆ ఇంటికి వెళ్లి మాట్లాడటానికి వీలవుతుంది.