ఆడే గేమ్ మేలు చేస్తోందా, కీడు చేస్తోందా? రెండు వారాల్లో తేల్చుకోవడం ఎలా

కావలసినవి మూడే: చిన్న నోట్‌బుక్, పెన్ను, ఆడిన సమయాన్ని చూపించే ఫోన్ లేదా కన్సోల్ సెట్టింగ్. నోట్‌బుక్ కాగితందే కావాలి. రాసుకోవడానికని ఫోన్ తీస్తే వేలు గేమ్ మీదికే పోతుంది.

రోజుకు ఎన్ని గంటలు ఆడుతున్నారో చూసి తీర్పు చెప్పేసేవాళ్లే ఎక్కువ. ఆ ఒక్క లెక్క సరిపోదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు గేమ్ కంపెనీల దగ్గరున్న అసలు రికార్డులు తీసుకుని, సుమారు 39,000 మంది ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. ఆడిన గంటలకూ మానసిక స్థితికీ చెప్పుకోదగ్గ సంబంధం అందులో కనబడలేదు. ఇష్టంతో ఆడుతున్నారా, ఆడక తప్పదన్నట్టు ఆడుతున్నారా అన్నదాన్ని బట్టే తేడా తెలిసింది.

మొదటి అడుగు: రాయడం

మొదటి వారం అలవాట్లేవీ మార్చకండి, రాయండి అంతే. ఆడిన ప్రతిసారీ ఒక లైన్: గేమ్ పేరు, మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం, ఎందుకు మొదలుపెట్టారో ఒక్క మాటలో (సరదా, స్నేహితులు, విసుగు, కోపం), ఆటకు ముందు మనసు ఎలా ఉందో 5కి మార్కు, ఆపాక మళ్లీ మార్కు, ఆ రాత్రి నిద్రపోయిన సమయం. రెండో మార్కు ఆట ఆపిన పది నిమిషాల తర్వాతే వేయాలి. అంతకుముందు వేస్తే గెలిచిన ఊపుకో ఓడిన ఉక్రోషానికో మార్కు పడుతుంది. సమయాన్ని గుర్తున్నంతలో రాయకండి. మన అంచనాకూ పరికరం చూపే అంకెకూ పొంతన ఉండదు.

రెండో అడుగు: ఒక్క నైపుణ్యం

గేమ్స్ వల్ల తెలివి పెరుగుతుందన్న మాటలో ఎంత నిజముందో అంతే తీసుకోవాలి. యాక్షన్ గేమ్స్ ఆడితే చూపుకు సంబంధించిన ఏకాగ్రత మెరుగవుతుందని గ్రీన్, బవెలియర్ అనే పరిశోధకులు 2003లో చూపించారు. గతంలో వారానికి మూడు గంటలకు పైగా గేమ్స్ ఆడిన సర్జన్లు లాపరోస్కోపిక్ (చిన్న కోతల్లోంచి కెమెరా సాయంతో చేసే ఆపరేషన్) శిక్షణలో 37 శాతం తక్కువ తప్పులు చేశారని 2007లో ఒక అధ్యయనం వచ్చింది. అయితే చేతి నేర్పు ముందే ఉన్నవాళ్లే గేమ్స్ వైపు వచ్చి ఉండొచ్చు కూడా. మెదడుకు పదును పెడతామనే యాప్‌ల సంగతి వేరు. అలాంటి ప్రకటనలకు ఆధారం చాలదని లూమోసిటీ అనే యాప్ కంపెనీ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ కేసు వేస్తే, 2016లో ఆ కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. గేమ్‌లో వచ్చిన నేర్పు బయటి పనికి దానంతటది పాకదు. కాబట్టి ఒక్కటి ఎంచుకోండి. నన్నడిగితే ఎంచుకోవలసింది ఇదే: ఓడిన మ్యాచ్ రీప్లే చూసి సొంత తప్పు ఒకటి రాయడం. టీమ్‌మేట్ తప్పు రాయకూడదు. ఆఫీసులోనో చదువులోనో పని చెడినప్పుడు కూడా అదే పని చేయగలుగుతున్నారా అన్నది పుస్తకం చివరి పేజీలో గమనించుకోండి.

మూడో అడుగు: ఆపడం

రెండో వారం మొత్తం దీనికే. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

గంట తర్వాత మోగేలా అలారం పెట్టుకుంటారు. అది సరిగ్గా మ్యాచ్ మధ్యలో మోగుతుంది. వదిలేసి పోతే పెనాల్టీ, టీమ్‌కు నష్టం. అలారం నొక్కేసి ఆట కొనసాగిస్తారు. ఇలా రెండుమూడుసార్లు జరిగాక ఆ అలారానికి విలువ ఉండదు. పిల్లల చేతిలోంచి మ్యాచ్ మధ్యలో ఫోన్ లాక్కునే పెద్దలు చేసే పొరపాటూ ఇదే. గేమ్ వల్ల పిల్లవాడు మొండివాడయ్యాడనుకుంటారు గానీ, ఆ గొడవలో చాలాభాగం ఆట మధ్యలో తెగిపోయినందుకే.

గడువు ఆఖరి మ్యాచ్ మొదలుపెట్టడానికి ఉండాలి. మొదటి వారం లెక్కల్లో అన్నిటికన్నా ఎక్కువసేపు సాగిన మ్యాచ్‌ను తీసుకోండి. సగటు తీసుకుంటే సగం రోజులు గడువు దాటుతుంది. అది 40 నిమిషాలనుకుందాం. రాత్రి 10కి లేవాలంటే 9:20 తర్వాత కొత్త మ్యాచ్ లేదు. అలారం 9:20కే పెట్టండి. ముందు మ్యాచ్ 9:25కి అయిపోయినా సరే, ఇంకోటి లేదు. లేచాక పడుకోవడానికి కనీసం గంట ఉండాలి.

కథతో సాగే గేమ్స్‌లో మిషన్ పూర్తిచేసి ఆపుదామనుకోకండి. అది అవ్వగానే కొత్తది తెరుచుకుని లాగుతుంది. సేవ్ పాయింట్ (ఆట అక్కడిదాకా భద్రమయ్యే చోటు) దగ్గర ఆపి, తర్వాత ఏం చేయాలో పుస్తకంలో ఒక వాక్యం రాసి లేవండి. రాయకపోతే పడుకున్నాక కూడా బుర్రలో అదే తిరుగుతుంది.

ఇక ఓటమి. గెలిచి ఆపేస్తాననే నియమం అన్నిటికన్నా చెడ్డది. సమ ఉజ్జీలను జతచేసే గేమ్‌లో గెలుపు అవకాశం ఇంచుమించు సగం. అంటే ఎక్కడ మొదలుపెట్టి లెక్కేసినా, వరుసగా మూడు ఓడిపోయే అవకాశం ఎనిమిదింట ఒకటి. అలాంటి రాత్రి ఆ నియమం ఎన్నింటికి వదులుతుందో చెప్పలేం. పైగా ఓడిన కోపంతో, ఆటగాళ్లు టిల్ట్ అనే స్థితిలో, వెంటనే క్యూ (తర్వాతి మ్యాచ్‌కు వరుసలో చేర్చే బటన్) నొక్కితే ఆట ఇంకా దిగజారుతుంది. వరుసగా రెండు ఓడితే ఆ రోజుకు ర్యాంక్డ్, అంటే ర్యాంకు కోసం ఆడే మ్యాచ్‌లు, బంద్. కుర్చీలోంచి లేవండి, నీళ్లు తాగండి, గదిలోంచి బయటికి రండి. కూర్చునే ఉంటే చెయ్యి మళ్లీ క్యూ మీదికే పోతుంది.

నాలుగో అడుగు: చదవడం

మార్కులను గేమ్‌వారీగా, కారణంవారీగా విడదీసి చూడండి. స్నేహితులతో ఆడిన గంటన్నర మార్కు పెంచి, కోపంతో ఒంటరిగా ఆడిన ముప్పావుగంట తగ్గించిందంటే, తీసేయాల్సింది ఆ ముప్పావుగంటే. ఆట ఉన్న రోజుల్లో మార్కులు బాగున్నా నిద్ర ఆలస్యమవుతుంటే గేమ్ మార్చక్కర్లేదు, గడువును ఇంకాస్త ముందు సమయానికి జరపండి.

రెండో వారంలో గడువు సగం రోజులైనా నిలబడకపోతే మూడో వారం కొనసాగించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలు చేస్తున్న జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్‌కు మూడు లక్షణాలున్నాయి: ఆట మీద అదుపు తప్పడం, మిగతా జీవితంకన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపకపోవడం. సాధారణంగా ఏడాదిపాటు ఇవి కొనసాగి, చదువునో ఉద్యోగాన్నో ఇంటి బంధాలనో బాగా దెబ్బతీస్తేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు. రెండు వారాల పుస్తకం చూసి మీకు మీరే ఆ పేరు పెట్టుకోకండి, ఇంట్లో పిల్లలకు అసలు పెట్టకండి. మూడూ కనిపిస్తున్నాయనిపిస్తే ఏడాది నిండేదాకా ఆగనక్కర్లేదు. మానసిక వైద్య నిపుణుల దగ్గరికి ఈ పుస్తకాన్నే పట్టుకెళ్లండి, దిద్దకుండా, ఖాళీగా వదిలేసిన రోజులతో సహా.