పాత పటాల ద్వారా ఒక సమాధుల తోట ఆలనాపాలనను తెలుసుకోవడం ఎలా: లండన్ కెన్సల్ గ్రీన్ ఉదాహరణగా

తెలుగు నిఘంటువుకు, వేమన పద్యాల సేకరణకు జీవితంలో అధికభాగం వెచ్చించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1884 డిసెంబరు 12న లండన్‌లో కన్నుమూశారు. ఆయనను ఖననం చేసిన చోటు ఆ నగరపు వాయవ్య దిక్కున ఉన్న కెన్సల్ గ్రీన్. రవీంద్రనాథ్ ఠాగూర్ తాతగారైన ద్వారకానాథ్ ఠాగూర్ కూడా 1846 నుంచి అదే నేలలో ఉన్నారు. లండన్ వెళ్లిన తెలుగువారిలో బ్రౌన్ సమాధిని చూసి నమస్కరించి రావాలనుకునేవారు ఎందరో ఉన్నారు. అయితే సుమారు 72 ఎకరాలలో, దాదాపు 65 వేల సమాధుల నడుమ, ముఖద్వారం దగ్గర నిలబడి చూస్తే ఎటు నడవాలో కూడా తోచదు. ఆ ఒక్క సమాధిని వెతకడానికే కాక, ఆ తోటను దాదాపు రెండు శతాబ్దాలుగా ఎవరు, ఎంతవరకు, ఏ భాగంలో చూసుకున్నారో తెలుసుకోవడానికి కూడా పాత పటాలు ఎలా ఉపయోగపడతాయో ఈ వ్యాసంలో వివరిస్తాను.

మన క్రైస్తవ కుటుంబాలలో శ్మశానాన్ని సమాధుల తోట అనే మాట వాడుకలో ఉంది. కెన్సల్ గ్రీన్‌కు ఆ మాట అక్షరాలా సరిపోతుంది. ప్యారిస్‌లోని పేర్ లాషేజ్ అనే శ్మశానాన్ని చూసి వచ్చిన జార్జ్ కార్డెన్ అనే న్యాయవాది, లండన్ చర్చి ఆవరణలలో శవాలపై శవాలను పూడ్చే దుస్థితికి విరుగుడుగా, చెట్లతో బాటలతో ఊరి వెలుపల ఒక తోట ఉండాలని పట్టుబట్టాడు. 1832లో పార్లమెంటు చట్టంతో జనరల్ సిమెట్రీ కంపెనీ ఏర్పడింది. 1833 జనవరిలో తోట తెరుచుకుంది. ఇప్పటికీ యాజమాన్యం ఆ కంపెనీదే. ఈ వివరం పటాలు చదివేవారికి చాలా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ ఆలనాపాలన మొదటి నుంచీ రెండు చేతులలో ఉంది. బాటలు, గోడలు, ప్రార్థనాలయాలు, చెట్లు కంపెనీ బాధ్యత. కొనుక్కున్న సమాధిపై నిలిపిన రాయి ఆ కుటుంబం బాధ్యత. పటాలలో కనిపించేది ప్రధానంగా కంపెనీ చేసిన పని మాత్రమే. ఒక కుటుంబం ఏటా వచ్చి రాయి కడిగి పూలమొక్క నాటిందా, లేక రెండో తరంలోనే మరిచిపోయిందా అన్నది ఏ పటంలోనూ ఉండదు. ఈ తేడాను ఆరంభంలోనే గుర్తు పెట్టుకోకపోతే, బాట చక్కగా ఉంది కాబట్టి దాని పక్క సమాధులు కూడా చక్కగా ఉండేవనే తప్పు నిర్ణయానికి వస్తాం.

కాబట్టి పటం విప్పకముందే ఒక కాగితంపై సంవత్సరాల వరుస రాసుకోవాలి. కెన్సల్ గ్రీన్ విషయంలో నేను రాసుకునే వరుస ఇది: 1801లో దక్షిణపు అంచున పారే కాలువ తెరుచుకుంది, 1833లో 54 ఎకరాలతో తోట మొదలైంది, 1830లలోనే రెండు ప్రార్థనాలయాలు, వాటి కింద శవపేటికలు ఉంచే నేలమాళిగలు వచ్చాయి, 1858లో పశ్చిమాన సెయింట్ మేరీస్ అనే వేరే కేథలిక్ శ్మశానం తెరుచుకుంది, 1939లో తోటలోనే దహనవాటిక మొదలైంది. తేదీ లేని పటం దొరికినప్పుడు ఈ వరుసే తీర్పు చెబుతుంది. దహనవాటిక కనబడితే ఆ పటం 1939కి ముందుది కాదు. పక్కన కేథలిక్ శ్మశానం లేకపోతే 1858కి ముందుదై ఉండే అవకాశం ఎక్కువ. ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ రెండు శ్మశానాలు ఆనుకొని ఉండటం వల్ల చిన్న స్కేలు పటాలలో ఒకే స్థలంలా కనిపిస్తాయి. సరిహద్దు గోడను వేలితో తడుముతూ పోయినట్టుగా చివరిదాకా అనుసరించి చూడకుండా విస్తీర్ణం లెక్క కట్టకూడదు.

తరువాతి పని పటాలను వాటి ఉద్దేశాన్ని బట్టి వేరు చేయడం. వాటాదారులను ఆకర్షించడానికి గీసిన నమూనా పటాలను సాక్ష్యంగా తీసుకోకూడదు. కెన్సల్ గ్రీన్ కోసం జరిగిన పోటీలో హెచ్. ఇ. కెండాల్ గీసిన గోథిక్ శైలి నమూనాకు బహుమతి దక్కింది. కానీ కంపెనీలో పలుకుబడి గల బ్యాంకరు సర్ జాన్ డీన్ పాల్ గ్రీకు శైలిని కోరుకోవడంతో, చివరికి జాన్ గ్రిఫిత్ రూపొందించిన కట్టడాలే నిలిచాయి. కెండాల్ బొమ్మలు చాలా అందంగా ఉంటాయి. వాటిని చూసి, అప్పట్లో ఉన్న గోపురాలు తరువాత కూలిపోయాయని భావించేవారు లేని కట్టడానికి శిథిలచరిత్ర రాసినవారవుతారు. ఉద్దేశించినది, కట్టినది, నిలిచినది అనే మూడింటికీ నోట్‌బుక్కులో మూడు వేరు వేరు పేజీలు కేటాయించడం నేను సూచించే పద్ధతి.

నిజంగా ఆధారపడదగినవి బ్రిటన్ ప్రభుత్వ సర్వే సంస్థ అయిన ఆర్డ్‌నెన్స్ సర్వే వారి పెద్ద స్కేలు పటాలు. మైలుకు 25 అంగుళాల పటాలు (1:2500) 1860ల నుంచి, మైలుకు ఐదడుగుల లండన్ పటాలు (1:1056) 1890లలోవి, స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. అందులో పాత పటాన్ని, నేటి ఉపగ్రహ చిత్రాన్ని పక్కపక్కన పెట్టుకొని ఒకేసారి జరుపుతూ చూసే వీలుంది. పటం అంచున చిన్న అక్షరాలలో సర్వే చేసిన సంవత్సరం, సవరించిన సంవత్సరం, ప్రచురించిన సంవత్సరం వేర్వేరుగా ఉంటాయి. వాడవలసింది సర్వే లేదా సవరణ సంవత్సరం. ప్రచురణ కొన్నేళ్ల తరువాత జరిగి ఉండవచ్చు. బ్రౌన్ 1884లో మరణించారు కనుక 1860ల పటం ఆయన సమాధి రాకముందటి తోటను చూపిస్తుంది, 1890ల పటం వచ్చిన తరువాతి తోటను చూపిస్తుంది. ద్వారకానాథ్ ఠాగూర్ విషయంలో ఈ రెండూ తరువాతి కాలానివే. 1846 నాటి తోట రూపానికి కంపెనీ తొలి పటాలను, ఆనాటి చెక్కుడు చిత్రాలను ఆశ్రయించాలి.

ఈ పటాలలో సమాధులు కనిపిస్తాయని ఆశించకూడదు. రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు గల సమాధి ఐదడుగుల పటంలో రెండు మిల్లీమీటర్ల గీత కన్నా తక్కువ; 25 అంగుళాల పటంలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. విడివిడి సమాధులను సర్వేవారు గీయలేదు. సమాధిని చేరుకోవడానికి కంపెనీ సొంత పద్ధతి వేరు: తోటను చదరాలుగా విభజించి, ప్రతి సమాధికీ ఒక సంఖ్య, అది పడే చదరం సంఖ్య, ఆ చదరంలో వరుస గుర్తు ఇచ్చారు. బాట అంచున ఉన్నదానికి వరుస బదులు ఆ మాటనే సూచించే పొడి అక్షరాలుంటాయి. సమాధి సంఖ్యలు స్థలాన్ని బట్టి కాక, కొన్న క్రమాన్ని బట్టి పెరుగుతూ పోతాయి. 1863లో మరణించిన నవలాకారుడు థాకరే సమాధి సంఖ్య 18 వేల పైచిలుకు. 1889లో మరణించిన విల్కీ కాలిన్స్‌ది 31 వేల పైచిలుకు. అందువల్ల పక్కపక్క సమాధుల సంఖ్యల మధ్య పదివేల తేడా ఉన్నా ఆశ్చర్యపడనక్కరలేదు. పైగా ఆ తేడాయే విలువైన సమాచారం. ఒక చదరంలోని సంఖ్యలన్నీ దగ్గరదగ్గరగా ఉంటే ఆ భాగం ఒకే కాలంలో నిండింది. చిన్న సంఖ్యల మధ్య పెద్ద సంఖ్యలు చొప్పించినట్టు ఉంటే, ముందు బాటగానో పచ్చికగానో వదిలిన చోటును తరువాత అమ్మి ఉంటారు. సమాధుల అమ్మకమే ప్రధాన ఆదాయమైన ప్రైవేటు శ్మశానాలలో ఖాళీ స్థలం తరిగే కొద్దీ ఇలా బాటల అంచులు తగ్గిపోవడం సాధారణం. ఆ సంఖ్యలను శ్మశానపు ఖననాల రిజిస్టరులోని తేదీలతో కలిపి చదివితే, నిర్వహణకు డబ్బు ఏ దశాబ్దంలో కష్టమైందో ఊహించడానికి ఒక ఆధారం దొరుకుతుంది. అయితే 1884లో మరణించినవారి సంఖ్య తప్పనిసరిగా ఆ ఏటిదే అనుకోకూడదు. ముందే కొన్న కుటుంబ సమాధిలో ఖననం చేస్తే పాత సంఖ్యే ఉంటుంది.

ఇప్పుడు పటాలను ఒకదానిపై ఒకటి పేర్చాలి. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇందుకు చాలు. పాత పటంలోని కొన్ని చోట్లను నేటి పటంలోని అవే చోట్లకు ముడివేస్తే, సాఫ్ట్‌వేర్ మిగతా పటాన్ని సరిచేస్తుంది. ముడివేసే చోట్లు ఎన్నడూ కదలనివై ఉండాలి: ప్రధాన ప్రార్థనాలయం మూలలు, ముఖద్వారపు కట్టడం, ఉత్తరపు కంచె పక్కనున్న హారో రోడ్డు మలుపులు, దక్షిణాన కాలువ గట్టు. చెట్టును, బాట మలుపును ఎన్నుకోకూడదు, ఎందుకంటే వాటి మార్పునే కదా మనం కొలవబోతున్నాం. తోట నాలుగు వైపులా సమంగా కనీసం ఎనిమిది చోట్లు తీసుకోవడం మంచిది. అన్నీ ప్రార్థనాలయం చుట్టే ఉంటే అంచులు మెలితిరుగుతాయి. ఎంత జాగ్రత్త పడినా, కాగితం సాగడం ముడుచుకోవడం వల్ల ఒకటి రెండు మీటర్ల తేడా మిగులుతుంది. సమాధి వెడల్పే ఒక మీటరు కనుక, ఈ పద్ధతితో చదరాన్ని నిర్ధారించగలమే తప్ప, ఈ రాయే బ్రౌన్‌ది అని చెప్పలేం. ఆ మాట రాతిమీది అక్షరాలు, రిజిస్టరు కలిసి చెప్పాలి.

పేర్చిన పటాలను చదివేటప్పుడు బాటలతో మొదలుపెట్టాలి. ఆర్డ్‌నెన్స్ సర్వే పటాలలో తెగని గీత కంచె, గోడ వంటి అడ్డును సూచిస్తుంది. ముక్కలు ముక్కలుగా ఉన్న గీత అడ్డులేని అంచును సూచిస్తుంది. ఒక బాట 1860ల పటంలో ఉండి 1890లలో లేకపోతే, వెంటనే అది పాడుబడిందని రాయకుండా, సర్వేవారు ఆ సవరణలో చిన్న బాటలను వదిలేశారా అని పక్క పార్కులలో చూసి నిర్ధారించుకోవాలి. అక్కడ చిన్న బాటలు నిలిచి, ఇక్కడ మాత్రమే పోతే అప్పుడు మాట బలపడుతుంది. చెట్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బాట వెంట సమదూరంలో గీసిన చెట్లు నాటినవి కావచ్చు. గుంపుగా ఉన్న చెట్ల గుర్తులు మాత్రం లెక్కకు పనికిరావు, అవి ఆ చోట చెట్లున్నాయని మాత్రమే చెబుతాయి.

చెట్లు ఇంత ముఖ్యం కావడానికి కారణం నేల. కెన్సల్ గ్రీన్ లండన్ బంకమట్టిపై ఉంది. ఈ మట్టి వేసవిలో ఎండి కుంచించుకుపోతుంది, చలికాలంలో నీరు పీల్చి ఉబ్బుతుంది. మన నల్లరేగడి నేలలో గోడలు బీటలు వారడం చూసినవారికి ఈ గుణాన్ని వేరుగా వివరించనక్కరలేదు. పెద్ద చెట్టు ఉన్నచోట నీరు మరింత వేగంగా తగ్గి, బరువైన స్మారకాలు ఒకవైపుకు ఒరుగుతాయి. దానంతట అదే మొలిచిన మొక్కను తొలి ఏళ్లలో పీకకుండా వదిలేస్తే, కొన్ని దశాబ్దాలకు దాని వేరు సమాధి రాతిని లేపుతుంది. పాత పటంలో ఖాళీగా ఉన్నచోట నేడు దట్టమైన చెట్లు ఉండి, వాటి కింద ఒరిగిన రాళ్లు కనిపిస్తే, అక్కడ చేతిపని ఆగిపోయిందనడానికి అంతకన్నా స్పష్టమైన గుర్తు నాకు తెలియదు. అది ఏ కాలంలో ఆగిందో తేల్చడానికి పటాల కన్నా విమానం నుంచి తీసిన ఫోటోలు మేలు. 1919లో ఏర్పడిన ఏరోఫిల్మ్స్ సంస్థ తీసినవి, 1940లలో బ్రిటన్ వైమానిక దళం నిట్టనిలువుగా తీసినవి భద్రపరచి ఉన్నాయి. వాటిలో చెట్ల నీడల పొడవు చూసి ఎత్తును కూడా అంచనా వేయవచ్చు.

చివరికి స్థలానికి వెళ్లక తప్పదు. జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి: ఆకులు రాలి ఉంటాయి, పొద్దు వాలుగా పడి అరిగిన అక్షరాలు కూడా నీడతో తేలి కనిపిస్తాయి. కార్యాలయంలో ముందుగా అనుమతి తీసుకోవాలి. రాతిపై సుద్ద రుద్దకూడదు, ఇనుప బ్రష్షుతో గీయకూడదు, అల్లుకున్న తీగను లాగకూడదు. తీగతో పాటు రాతి పెచ్చు కూడా ఊడి వస్తుంది. బాట వదిలి నడిచేటప్పుడు కింద ఇటుక గదులు కుంగి ఉండవచ్చనే ఎరుక ఉండాలి, ఒరిగిన రాతిని ఆనుకోకూడదు. ప్రతి చదరంలోనూ ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకు ఫోటో తీసి, ఆ చోటును పటంపై గుర్తు పెట్టుకుంటే, మరో ఏడాది వచ్చేవారు అక్కడే నిలబడి పోల్చుకోగలరు.

చూసినదాన్ని సొంత పటంగా గీసేటప్పుడు బాగున్నవి, పొదలు కమ్మినవి, ఒరిగినవి, పడిపోయినవి, జాడ తెలియనివి అనే ఐదు గుర్తులు సరిపోతాయి. నిర్ధారించినవాటిని తెగని గీతతో, ఊహించినవాటిని చుక్కల గీతతో గీయాలి. పటం అడుగున ఉత్తర దిక్కు, స్కేలు, వాడిన ప్రతి పాత పటం సర్వే సంవత్సరం, స్వయంగా తిరిగి చూసిన తేదీ తప్పక రాయాలి. దాని ప్రతి ఒకటి శ్మశాన కార్యాలయానికి, మరొకటి ఆ తోట బాగోగుల కోసం 1989 నుంచి పనిచేస్తున్న కెన్సల్ గ్రీన్ మిత్రుల బృందానికి ఇవ్వాలి. బ్రౌన్ సమాధి ఉన్న చదరాన్ని మాత్రం విడిగా, పెద్ద స్కేలులో, చుట్టుపక్కల పది సమాధుల సంఖ్యలతో సహా మరో కాగితంపై గీసి, దానికి తెలుగులో కూడా వివరణ రాసి జతచేయాలి.